ట్యూబ్ ప్రీయాంప్‌లో గెయిన్ ఎక్కువైతే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

సొంతంగా ట్యూబ్ ప్రీయాంప్ (పవర్ యాంప్‌కి ముందు పెట్టే యాంప్) కట్టుకున్నవాళ్ల ఉత్తరాలు ఈసారి చాలా వచ్చాయి, అన్నీ తిరిగి తిరిగి ఒక్క చోటికే వస్తున్నాయి: గెయిన్, అంటే సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందో ఆ లెక్క. కొన్ని విడిగా, ఒకేలా ఉన్నవి కలిపి జవాబు రాస్తున్నాను. మొదటి జవాబు పొడవైంది, మిగతావాటికి అదే ఆధారం కాబట్టి దాన్ని వదలకుండా చదవండి. కొత్తవాళ్ల కోసం ఒక్క మాట: ట్యూబ్‌లో సిగ్నల్ లోపలికి వెళ్లేది గ్రిడ్‌కి, పెరిగి బయటికి వచ్చేది ప్లేట్ నుంచి, ఎలక్ట్రాన్లు ఇచ్చేది క్యాథోడ్; రెసిస్టర్ విలువల్లో 'కె' అంటే వేల ఓమ్‌లు.

ప్రశ్న: సర్, నమస్తే. 12ఏఎక్స్7 ట్యూబ్‌తో లైన్ ప్రీయాంప్ కట్టాను, ఒక్కో ఛానల్‌కి ఒక ట్రయోడ్. సప్లై 270 వోల్టులు, ప్లేట్‌కి 100కె, క్యాథోడ్‌కి 1.5కె, దాని మీద 22 మైక్రోఫారడ్ కెపాసిటర్, ముందు 100కె లాగ్ వాల్యూమ్ పాట్ (నాబ్‌తో తిప్పే రెసిస్టర్). సీడీ ప్లేయర్ పెట్టి 50 వాట్ల పవర్ యాంప్‌కి ఇస్తే నాబ్ కొంచెం కదిపితే చాలు ఇల్లు అదిరిపోతోంది. తక్కువ సౌండ్‌లో ఎడమ స్పీకర్ ఒక్కటే మోగుతున్నట్టుంటుంది. నాబ్ పూర్తిగా తగ్గించినా సన్నగా హిస్ వినిపిస్తోంది. క్యాథోడ్ కెపాసిటర్ తీసేస్తే చాలని ఒకరు, ట్యూబ్ మార్చమని ఇంకొకరు చెప్పారు. ఏది చెయ్యాలి?

జవాబు: ముందు ఒక చిన్న లెక్క వేద్దాం. ఈ లెక్క వెయ్యకుండానే చాలామంది సోల్డరింగ్ ఐరన్ పట్టుకుంటారు, ఆ తర్వాత నెలల తరబడి భాగాలు మారుస్తూ కూర్చుంటారు. 8 ఓమ్‌ల స్పీకర్‌లో 50 వాట్లు రావాలంటే దాని దగ్గర 20 వోల్టులు ఉండాలి. పవర్ యాంప్‌ల గెయిన్ మామూలుగా 26 డెసిబెళ్ల చుట్టూ ఉంటుంది, అంటే 20 రెట్లు. కాబట్టి ఇన్‌పుట్‌లో 1 వోల్ట్ పడితే మీ యాంప్ ఫుల్ పవర్‌కి వెళ్లిపోతుంది. సీడీ ప్లేయర్ ఫుల్ లెవెల్‌లో 2 వోల్టులు ఇస్తుంది. చూశారా, మీ ప్రీయాంప్ సిగ్నల్‌ని పెంచాల్సిన పనే లేదు, సగానికి తగ్గించాలి. మీరు కట్టిన స్టేజ్ మాత్రం కాగితం మీద 60 రెట్లు పెంచుతుంది. పవర్ యాంప్ ఇన్‌పుట్ 47కె అనుకుంటే ఆ లోడ్ పడ్డాక 33 రెట్లకి దిగుతుంది, అయినా అవసరానికి 66 రెట్లు ఎక్కువే.

మీరు చెప్పిన మూడు బాధలూ ఇందులోంచే పుట్టాయి. లాగ్ పాట్‌లో రెండు ట్రాకులు (ఎడమకొకటి, కుడికొకటి) మొదటి కొసలో ఒకదానితో ఒకటి సరిగ్గా కలవవు, నాబ్ నడిమికి వచ్చేసరికి కలుస్తాయి. మీరేమో ఆ కలవని కొసలోనే పాటలు వింటున్నారు, అందుకే ఒక స్పీకర్ ముందు మోగుతోంది. పాట్‌లో లోపం వెతక్కండి, ఖరీదైన పాట్ కొన్నా ఆ చివర అంతే. ఇక హిస్ సంగతి. మీ పాట్ ట్యూబ్‌కి ముందు ఉంది, హిస్ పుట్టేది ట్యూబ్‌లో. పాట్ ఎంత తగ్గించినా దాని వెనకాల పుట్టే శబ్దం తగ్గదు, అది యథాతథంగా పవర్ యాంప్‌లోకి వెళ్లి అక్కడ మళ్లీ 20 రెట్లు అవుతుంది.

ఇప్పుడు క్యాథోడ్ కెపాసిటర్ తీసేయడం గురించి. ఆ కెపాసిటర్ లేకపోతే క్యాథోడ్ రెసిస్టర్ మీద సిగ్నల్ కూడా పడుతుంది, అది గ్రిడ్‌కి ఎదురు నిలబడుతుంది, గెయిన్ తగ్గుతుంది. మీ ట్యూబ్‌లో 60 కాస్తా 32 అవుతుంది. దాంతో పాటు ఇంకోటి కూడా జరుగుతుంది, దాన్ని ఎవరూ చెప్పరు: అవుట్‌పుట్ ఇంపిడెన్స్ (బయటికి వెళ్లే సిగ్నల్‌కి స్టేజ్ పెట్టే అడ్డు) సుమారు 39కె నుంచి 68కె దాకా పెరుగుతుంది. రెండు మీటర్ల కేబుల్, పవర్ యాంప్ ఇన్‌పుట్, రెండూ కలిసి ఓ 300 పికోఫారడ్లు అనుకోండి, 47కె లోడ్‌తో లెక్క వేస్తే 19 కిలోహెర్ట్జ్ దగ్గరే 3 డెసిబెళ్లు పడిపోతుంది. కేబుల్ పొడవు పెరిగితే ట్రెబుల్ ఇంకా కిందికి దిగుతుంది. గెయిన్ తగ్గిందని సంతోషించేలోపు సౌండ్ మీద దుప్పటి కప్పినట్టవుతుంది. 12ఏఎక్స్7ని నేరుగా కేబుల్ తోలడానికి పెట్టడమే నాకు నచ్చదు. దాని మ్యూ (ట్యూబ్ ఇవ్వగల గరిష్ఠ గెయిన్) 100, అది చాలా చిన్న సిగ్నల్‌ని పెంచడానికి పుట్టిన ట్యూబ్. ఫోనో స్టేజ్‌లో (రికార్డ్ ప్లేయర్ సిగ్నల్‌ని పెంచే చోట), గిటార్ యాంప్ మొదటి స్టేజ్‌లో దానికి సాటి లేదు. లైన్ స్టేజ్‌లో దాన్ని పెట్టి 60 రెట్లు పెంచి, మళ్లీ ఆ పెంచిందంతా ఎక్కడ పారెయ్యాలా అని వెతుక్కోవడం చూస్తే అడుసు తొక్కనేల కాలు కడగనేల అనిపిస్తుంది.

కాబట్టి ట్యూబ్ మార్చమన్న మిత్రుడి మాట సరైనదే, కానీ సగమే చెప్పారు. 12ఏయూ7 పెట్టండి, సాకెట్ పిన్నులూ హీటర్ (క్యాథోడ్‌ని వేడి చేసే తీగ) వైరింగూ అవే. దాని మ్యూ 17 నుంచి 20 మధ్య. ప్లేట్‌కి ఉన్న 100కె తీసేసి 47కె వెయ్యండి, 2 వాట్లది, ఎందుకంటే దాని మీద 140 వోల్టుల దాకా పడి సుమారు 0.4 వాట్ల వేడి పుడుతుంది, అర వాట్ రెసిస్టర్ అయితే ముట్టుకోలేనంత వేడెక్కుతుంది. క్యాథోడ్ 1.5కె అలాగే ఉంచండి. అప్పుడు కరెంట్ 3 మిల్లీయాంప్‌ల చుట్టూ, క్యాథోడ్ మీద 4 నుంచి 4.5 వోల్టులు, ప్లేట్ మీద 130 వోల్టుల దగ్గర చూపించాలి. ఒక జాగ్రత్త: రెండు ఛానల్స్ కలిపి ఇప్పుడు పాతదాని కంటే 4 మిల్లీయాంప్‌లు ఎక్కువ లాగుతాయి, సప్లై ఫిల్టర్‌లో 10కె రెసిస్టర్ ఉంటే దాని మీద ఇంకో 40 వోల్టులు పడిపోతాయి, అందుకని 270 అలాగే ఉందో లేదో మళ్లీ కొలిచి అవసరమైతే ఆ రెసిస్టర్ తగ్గించండి.

ఈ మార్పుతో గెయిన్ 13, 14 రెట్లు ఉంటుంది. ఇదీ ఎక్కువే. ఈ మిగిలింది ట్యూబ్ తర్వాత తగ్గించాలి, ముందు కాదు, నేను మళ్లీ మళ్లీ చెప్పేది ఇదే. ముందు తగ్గిస్తే పాట తగ్గుతుంది, హిస్సూ హమ్మూ తగ్గవు. తర్వాత తగ్గిస్తే పాటతో పాటు ట్యూబ్‌లో పుట్టిన చెత్త కూడా అంతే తగ్గుతుంది. అవుట్‌పుట్ కెపాసిటర్ తర్వాత ఒక 47కె సిరీస్‌లో, అక్కణ్నుంచి గ్రౌండ్‌కి 4.7కె, ఆ రెండూ కలిసే చోటు నుంచి అవుట్‌పుట్ జాక్‌కి వైరు, అంతే పని. ఇది సిగ్నల్‌ని 11 రెట్లు తగ్గిస్తుంది. మొత్తం ప్రీయాంప్ గెయిన్ ఇప్పుడు సుమారుగా 1. హిస్ దాదాపు 21 డెసిబెళ్లు కిందికి పోతుంది, స్పీకర్‌కి చెవి ఆనించి వింటే తప్ప తెలియదు. అవుట్‌పుట్ ఇంపిడెన్స్ 4కె పైచిలుకుకి వచ్చేస్తుంది, ఇక కేబుల్ ఎంత పొడవైనా భయం లేదు. నాబ్ హాయిగా నడిమికి వస్తుంది, ఎడమ కుడి సరిసమానమవుతాయి.

ఇక్కడ ఒక మెలిక ఉంది, దాన్ని పట్టించుకోకపోతే బాస్ పోతుంది. ట్యూబ్‌కి ఇప్పుడు లోడ్ 50కె చుట్టూ ఉంది కాబట్టి అవుట్‌పుట్ కెపాసిటర్ 0.1 మైక్రోఫారడ్ అయితే 26 హెర్ట్జ్ దగ్గర నుంచే కింది స్వరాలు జారిపోతాయి. 0.47 వెయ్యండి, 400 వోల్టులకి తక్కువ కాకుండా. అప్పుడు ఆ అంచు 5, 6 హెర్ట్జ్‌కి దిగుతుంది.

మరి 12ఏఎక్స్7నే ఉంచి అవుట్‌పుట్‌లో ఇదే రెండు రెసిస్టర్ల డివైడర్ వేస్తే కాదా అని అడుగుతారు. వెయ్యొచ్చు, కానీ ఆ ట్యూబ్ క్యాథోడ్ మీద ఉండేది 1.3 వోల్టులు. సీడీ ప్లేయర్ 2 వోల్టులంటే శిఖరం దగ్గర 2.8. నాబ్ బాగా పైకి తిప్పిన రోజున గ్రిడ్ పాజిటివ్‌లోకి వెళ్లి సౌండ్ చిరిగిపోతుంది. 12ఏయూ7కి క్యాథోడ్ మీద 4 వోల్టులు ఉన్నాయి, నాబ్ చివరిదాకా తిప్పినా అది తట్టుకుంటుంది. గెయిన్ తగ్గించేది ట్యూబ్ తర్వాతే, కానీ ట్యూబ్ ముందు ఎంత పడుతుందో చూసుకుని.

ప్రశ్న: నా దగ్గర ఆసిల్లోస్కోప్ లేదు, మామూలు డిజిటల్ మల్టీమీటర్ మాత్రమే ఉంది. ప్రీయాంప్ గెయిన్ ఎంతో కొలవగలనా? లోపల చెయ్యి పెట్టాలంటే టెన్షన్‌గా కూడా ఉంది.

జవాబు: తప్పకుండా కొలవగలరు. ఫోన్‌లోగానీ కంప్యూటర్‌లోగానీ 200 హెర్ట్జ్ సైన్ టోన్ పెట్టండి. 1 కిలోహెర్ట్జ్ వద్దు, మామూలు మీటర్లు ఏసీ రేంజ్‌లో కొన్ని వందల హెర్ట్జ్ దాటితే తక్కువ చూపిస్తాయి. మరీ 50, 60 వద్దు, మెయిన్స్ హమ్‌తో కలిసిపోతుంది. ప్రీయాంప్ అవుట్‌పుట్‌ని పవర్ యాంప్‌కి తగిలించకండి, దాని బదులు జాక్‌కి ఒక 47కె రెసిస్టర్ పెట్టండి, అసలు లోడ్ ఉన్నట్టే ఉంటుంది. వాల్యూమ్ ఫుల్‌కి తిప్పి, ఇన్‌పుట్ జాక్ దగ్గర మీటర్ 0.1 వోల్ట్ చూపించేదాకా ఫోన్ సౌండ్ సర్దండి. ఇప్పుడు అవుట్‌పుట్ జాక్ దగ్గర ఎంత చూపిస్తే దాన్ని 0.1తో భాగించండి. 1.3 వస్తే గెయిన్ 13. రెండు ఛానల్స్‌కీ చేసి చాసిస్ లోపలి గోడ మీద పెన్సిల్‌తో రాసి పెట్టుకోండి, ఆర్నెల్ల తర్వాత ట్యూబ్ నీరసపడిందా అనే సందేహం వస్తే ఆ రెండంకెలే సాక్ష్యం.

కొలవడానికి జాకులు చాలు, మూత తియ్యక్కర్లేదు. తియ్యాల్సి వచ్చినప్పుడు టెన్షన్ ఉండడం మంచిదే, ఆ జాగ్రత్త పోగొట్టుకోకండి. స్విచ్ ఆపేశాక కూడా ఫిల్టర్ కెపాసిటర్లలో 270 వోల్టులు అలాగే కూర్చుని ఉండొచ్చు. నా మొదటి ప్రీయాంప్‌లో బ్లీడర్ రెసిస్టర్ (ఆపేశాక కెపాసిటర్లని ఖాళీ చేసేది) వెయ్యలేదు. సప్లై ఒక్కటే చూద్దామని ట్యూబులు పీకేసి ఆన్ చేసి ఆపేశాను, భోజనం చేసి గంట తర్వాత వచ్చి అలవాటుగా మీటర్ పెడితే 190 చూపించింది. ట్యూబులు ఉంటే అవే కరెంట్ లాగి ఖాళీ చేసేవి, అవి లేకపోతే ఆ చార్జ్‌కి బయటికి పోయే దారే లేదు. ఆ రోజు మీటర్ కంటే ముందు వేలు పెట్టి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

కాబట్టి మొదటి ఫిల్టర్ కెపాసిటర్ మీద 220కె, 2 వాట్ల రెసిస్టర్ ఒకటి శాశ్వతంగా సోల్డర్ చెయ్యండి. కెపాసిటర్ 47 మైక్రోఫారడ్ అయితే ఓ నిమిషంలో దాదాపు ఖాళీ అవుతుంది, 100 అయితే రెండు నిమిషాలు. అయినా దాన్ని నమ్మి చెయ్యి పెట్టకండి. ప్లగ్ గోడ నుంచి పీకేసి, నల్ల ప్రోబ్‌ని క్లిప్‌తో చాసిస్‌కి పట్టించి, ఎర్ర ప్రోబ్‌ని ఒక్క చేత్తో ప్లస్ మీద ఆనించండి, రెండో చెయ్యి వెనక్కి పెట్టుకోండి. అంకె 212, 168, 130 అని దిగుతూ 5 కంటే కిందికి వచ్చేదాకా అలాగే చూస్తూ ఉండండి. తొందరైతే 10కె, 5 వాట్ల రెసిస్టర్‌కి ఇన్సులేషన్ వైర్లు కట్టి ఆనిస్తే రెండు మూడు సెకన్లలో అయిపోతుంది. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చెయ్యడం మాత్రం వద్దు, నిప్పురవ్వలు లేస్తాయి, కెపాసిటర్ కూడా దెబ్బతింటుంది.

ప్రశ్న: నాది 12ఏయూ7 ప్రీయాంపే. గెయిన్ కొంచెం తగ్గిద్దామని క్యాథోడ్ కెపాసిటర్ ఒక కాలు ఊడదీశాను. గెయిన్ తగ్గింది, సౌండ్ కూడా శుభ్రంగా అనిపించింది. కానీ ఇంతకుముందు లేని హమ్ మొదలైంది. కెపాసిటర్ మళ్లీ పెట్టేస్తే పోతోంది. కారణం ఏమిటి?

జవాబు: మంచి పని చేశారు, కెపాసిటర్ మొత్తం పీకెయ్యకుండా ఒక కాలే ఎత్తారు. ఐరన్ తగిలించి టంకం మెరిసిన క్షణాన ట్వీజర్‌తో కాలు పైకి లేపి వదిలేస్తే, నచ్చకపోతే అర నిమిషంలో వెనక్కి పెట్టుకోవచ్చు. ప్రయోగాలన్నీ ఇలాగే వెనక్కి వెళ్లే దారి ఉంచుకుని చెయ్యాలి.

హమ్ వస్తున్నది హీటర్ నుంచి. హీటర్‌కీ క్యాథోడ్‌కీ మధ్య సన్నటి ఇన్సులేషన్ ఉంటుంది, వేడిగా ఉన్నప్పుడు దాని గుండా ఎంతో కొంత కరెంట్ జారుతుంది. ఇంతకుముందు ఆ జారిన ఏసీ కెపాసిటర్ గుండా గ్రౌండ్‌కి పోయేది. ఇప్పుడు ఆ దారి మూసేశారు, అది 1.5కె మీద పడి సిగ్నల్‌లా మారుతోంది, ట్యూబ్ దాన్ని నిజాయితీగా పెంచి మీకు వినిపిస్తోంది. ట్యూబ్ మారిస్తే కొన్నింటిలో ఉంటుంది, కొన్నింటిలో ఉండదు, లీకేజ్ ట్యూబ్‌కి ట్యూబ్‌కి తేడా.

మందు ఉంది. హీటర్ సప్లైని గ్రౌండ్‌కి కట్టకుండా ఓ 40 వోల్టుల డీసీ మీద తేలేలా చెయ్యండి. 270 వోల్టుల నుంచి 220కె, దాని కింద గ్రౌండ్‌కి 39కె, రెండూ కలిసే చోట దాదాపు 40 వోల్టులు వస్తాయి. అక్కడ గ్రౌండ్‌కి ఒక 10 మైక్రోఫారడ్, 100 వోల్టుల కెపాసిటర్ పెట్టి, హీటర్ వైండింగ్ సెంటర్ ట్యాప్‌ని (నడిమి వైరుని) గ్రౌండ్ నుంచి ఊడదీసి ఇక్కడ కలపండి. సెంటర్ ట్యాప్ లేకపోతే హీటర్ రెండు వైర్ల నుంచి చెరో 100 ఓమ్‌లు తెచ్చి ఇక్కడ కలిపితే అదే పని చేస్తుంది. హీటర్ క్యాథోడ్ కంటే పైన ఉంటే ఆ జారుడు దాదాపు ఆగిపోతుంది. ఇంకో లాభం, ఈ రెండు రెసిస్టర్లే బ్లీడర్‌గా కూడా పనికొస్తాయి, పై జవాబులో చెప్పిన 220కె వేరే వెయ్యక్కర్లేదు.

ఇంతా వద్దు, కెపాసిటర్ ఉంచుకుంటూనే గెయిన్ కొంచెం తగ్గాలంటే దానికి సిరీస్‌లో ఒక చిన్న రెసిస్టర్ పెట్టొచ్చు. మీ ట్యూబ్‌లో మాత్రం దానితో పెద్దగా ఒరిగేది లేదు: 47కె ప్లేట్, 1.5కె క్యాథోడ్ అయితే కెపాసిటర్‌తో 13, 14, అసలు లేకుండా 9 చిల్లర. ఈ రెండింటి మధ్య ఉన్నది 3 డెసిబెళ్లు. అంత చిన్న తేడా కోసం ఐరన్ వేడి చెయ్యడం అనవసరం. 12ఏఎక్స్7లో అయితే 60కీ 32కీ మధ్య ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుకోవచ్చు. ఉదాహరణకి 1కె సిరీస్‌లో వేస్తే 44 దగ్గర ఆగుతుంది.

ప్రశ్న: గెయిన్ తగ్గించడానికి 12ఏయూ7 సాకెట్‌లో ఈసీసీ88 పెట్టొచ్చా? అదీ తొమ్మిది పిన్నులదే కదా.

జవాబు: పెట్టకండి. పిన్నుల సంఖ్య ఒకటే, హీటర్ వేరు. ఈసీసీ88 హీటర్ 6.3 వోల్టులది, 4, 5 పిన్నుల మధ్య ఉంటుంది. మీ సాకెట్‌లో 4, 5 మధ్య 12.6 ఉంటే ఆ ట్యూబ్ హీటర్‌కి రెట్టింపు వోల్టేజ్ పడి పాడైపోతుంది. 4, 5 కలిపేసి 9తో 6.3 ఇచ్చి ఉంటే హీటర్ అసలు వెలగదు. వైరింగ్ మార్చి పెట్టినా అది 12ఏయూ7 కంటే గెయిన్ ఎక్కువున్న ట్యూబ్, మ్యూ 33. మీకు కావాల్సింది తగ్గించడం కదా. 12ఏటీ7 కూడా ఇదే దారి, మ్యూ 60.

ప్రశ్న: నా ప్రీయాంప్‌లో ట్యూబ్ మార్చినప్పుడల్లా గెయిన్ మారిపోతోంది, ఎడమ కుడి తేడా వస్తోంది. జతగా కొలిచి అమ్మే ట్యూబులే కొనాలా? ఇంకో దారి ఉందా? 12ఏఎక్స్7లు నా దగ్గర చాలా ఉన్నాయి, వాటినే వాడుకోవాలని ఉంది.

జవాబు: ఉన్న ట్యూబుల్ని వాడుకోవాలన్న మీ కోరిక నాకు నచ్చింది, మొదటి జవాబులో 12ఏఎక్స్7 మీద కటువుగా మాట్లాడాను కానీ దాన్ని లైన్ స్టేజ్‌లో చక్కగా పని చేయించే పద్ధతి ఒకటి ఉంది: నెగెటివ్ ఫీడ్‌బ్యాక్. 1927లో బెల్ ల్యాబ్స్ ఇంజనీర్ హెరాల్డ్ బ్లాక్ ఫెర్రీలో ఆఫీసుకి వెళ్తూ, చేతిలో ఉన్న న్యూస్‌పేపర్ మీదే ఈ ఆలోచన గీసుకున్నాడు. దూరప్రాంతాల టెలిఫోన్ లైన్లలో వరసగా బోలెడన్ని యాంప్లిఫయర్లు ఉండేవి, ట్యూబ్ ముసలిదయ్యే కొద్దీ గెయిన్ మారేది, డిస్టార్షన్ ఒకదాని మీద ఒకటి పేరుకునేది. ఆయన చేసిందేమిటంటే కావాల్సినదానికంటే చాలా ఎక్కువ గెయిన్ తయారుచేసి, ఆ మిగులుని ఇన్‌పుట్‌కి ఎదురు తిప్పి ఇచ్చి, దాంతో తప్పుల్ని దిద్దించడం. మీ దగ్గర మిగులు గెయిన్ దండిగా ఉంది కదా, దాన్ని పారెయ్యకుండా ఇలా పనిలో పెట్టండి.

చెయ్యాల్సింది ఇది. వాల్యూమ్ పాట్ నుంచి గ్రిడ్‌కి నేరుగా వెళ్లే వైరు తెంపి మధ్యలో 220కె పెట్టండి. ప్లేట్ నుంచి 0.1 మైక్రోఫారడ్, 400 వోల్టుల కెపాసిటర్, దానికి సిరీస్‌లో 470కె, దాని రెండో కొస గ్రిడ్‌కి. గ్రిడ్ నుంచి గ్రౌండ్‌కి 1 మెగ్ (1000కె) ఉండాలి, లేకపోతే పెట్టండి. క్యాథోడ్ కెపాసిటర్ తియ్యకండి, ఇక్కడ గెయిన్ ఎంత ఎక్కువుంటే అంత మంచిది. ఇప్పుడు మొత్తం గెయిన్ ట్యూబ్ చెప్పినట్టు కాదు, దాదాపుగా 470ని 220తో భాగించినంత, రెండు రెట్ల చుట్టూ ఉంటుంది. ట్యూబ్ సొంత గెయిన్ 45 నుంచి 40కి పడిపోయినా మొత్తం మీద తేడా ఒక్క శాతం లోపే. రెండు ఛానల్స్‌లో 1 శాతం రెసిస్టర్లు వేస్తే ఎడమ కుడి తేడా మీ చెవికి అందదు, జత ట్యూబులు కొనే అవసరమూ ఉండదు. అవుట్‌పుట్ ఇంపిడెన్స్ కూడా బాగా పడిపోతుంది, డిస్టార్షన్ తగ్గుతుంది.

ఆ 0.1 కెపాసిటర్ గురించి ఒకటికి రెండుసార్లు చెప్తున్నాను. అది మర్చిపోయి 470కె నేరుగా ప్లేట్ నుంచి గ్రిడ్‌కి కలిపితే ప్లేట్ మీది డీసీ గ్రిడ్‌ని పాజిటివ్‌లోకి లాగేస్తుంది, ట్యూబ్ పూర్తిగా కండక్ట్ అయి ప్లేట్ వోల్టేజ్ కుప్పకూలుతుంది. సోల్డర్ అయ్యాక పవర్ ఇచ్చి ముందు క్యాథోడ్ మీద కొలవండి, మార్పుకి ముందు ఎంత ఉందో అంతే ఉండాలి. ఎక్కువ చూపిస్తే వెంటనే ఆపి ఆ కెపాసిటర్ చూడండి, లీక్ అయినా ఇదే లక్షణం.

ఇంకోటి, పాట్ స్లైడర్ దగ్గర రెసిస్టెన్స్ నాబ్‌తో పాటు మారుతూ ఉంటుంది, 100కె పాట్‌లో అది గరిష్ఠంగా 25కె. అది 220కెకి కలుస్తుంది కాబట్టి గెయిన్ కొద్దిగా ఊగుతుంది, కానీ వినేటప్పుడు పట్టించుకోదగ్గది కాదు. పాట్ 500కె అయితే మాత్రం 125కె దాకా పోతుంది, నాబ్ తిప్పిన తీరే మారిపోతుంది, అప్పుడు పాట్ మార్చక తప్పదు.

ప్రశ్న: సీడీ పెడితే గట్టిగా, రికార్డ్ ప్లేయర్ పెడితే మెల్లగా. సెలెక్టర్ తిప్పినప్పుడల్లా వాల్యూమ్ పట్టుకుని ఉండాలి, ఒకసారి మర్చిపోతే ఇంట్లోవాళ్లు ఉలిక్కిపడ్డారు. రికార్డుల కోసం ప్రీయాంప్ గెయిన్ పెంచాలా?

జవాబు: పెంచొద్దు, గట్టిగా ఉన్నదాన్నే దించండి. మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్ (రికార్డ్ ప్లేయర్ సూది ఉండే భాగం) ఇచ్చే 5 మిల్లీవోల్టులని ఫోనో స్టేజ్ 40 డెసిబెళ్లు పెంచితే వచ్చేది అర వోల్ట్. సీడీ 2 వోల్టులు. నాలుగు రెట్లు తేడా, 12 డెసిబెళ్లు. మొత్తం గెయిన్ ఎంత మార్చినా ఈ తేడా అలాగే ఉంటుంది, ఎందుకంటే రెండూ కలిసే పెరుగుతాయి.

సీడీ ఇన్‌పుట్ జాక్ దగ్గరే, సెలెక్టర్ స్విచ్‌కి ముందు, 30కె సిరీస్‌లో, 10కె గ్రౌండ్‌కి. ఛానల్‌కి రెండు రెసిస్టర్లు. సీడీ ప్లేయర్‌కి కనిపించే లోడ్ 39కె చుట్టూ ఉంటుంది, దానికి ఏ ఇబ్బందీ లేదు. తగ్గించేది ట్యూబ్ తర్వాతే అని పైన అంత గట్టిగా చెప్పి ఇక్కడ ముందు పెట్టమంటున్నానేమిటి అనుకోకండి. ఇక్కడ మనం సర్దుతున్నది రెండు సోర్సుల మధ్య తేడాని, ట్యూబ్‌కి ముందు తప్ప ఇంకెక్కడా దీన్ని సర్దలేం. తగ్గించాక కూడా సీడీ అర వోల్ట్ ఇస్తుంది, ట్యూబ్ హిస్ కంటే అది ఎంతో పైన ఉంటుంది.

రెసిస్టర్ల విలువలు మాత్రం పెద్దవి వెయ్యకండి. ఒకాయన ఇలాంటి చోట గ్రిడ్‌కి ముందు 470కె ఒక్కటే సిరీస్‌లో పెట్టి, గెయిన్ తగ్గలేదు కానీ పాట మసకబారింది అని రాశారు. గ్రౌండ్‌కి రెండో రెసిస్టర్ లేకపోతే అది డివైడర్ కాదు, గ్రిడ్ కరెంట్ లాగదు కాబట్టి సిగ్నల్ తగ్గదు. కానీ గ్రిడ్‌కీ ప్లేట్‌కీ మధ్య ఉన్న 1.6, 1.7 పికోఫారడ్ల చిన్న కెపాసిటీని ట్యూబ్ తన గెయిన్‌తో గుణిస్తుంది, మిల్లర్ ఎఫెక్ట్ అంటారు, 12ఏఎక్స్7లో అది 100 దాటుతుంది, వైరింగ్‌తో కలిపి 120 అనుకోండి. 470కెతో అది 3 కిలోహెర్ట్జ్ లోపే ట్రెబుల్‌ని కోసేస్తుంది. ఆయన చెవులు సరిగ్గానే చెప్పాయి. ఆ 470కె తీసేసి పైన చెప్పిన 30కె, 10కె జంటని జాక్ వెనకాలే సోల్డర్ చేస్తే సరిపోతుంది.